ఎఫ్‌టీఎస్‌జెడ్ ప్రోటీను

ఎఫ్‌టీఎస్‌జెడ్ అనేది బాక్టీరియా కణ విభజనకు మూలాధారమైన ప్రోటీను. ఇది దాదాపు అన్ని బాక్టీరియాలలోను, అనేక ఆర్కియాలలోను, మొక్కల హరితరేణువులలోను ఉంటుంది. విభజనకు సిద్ధమైన కణంలో ఈ ప్రోటీను అణువులు కణం నడిమి భాగంలో, కణత్వచానికి లోపలి వైపున, వలయాకారంలో చేరతాయి. దీనిని జెడ్ వలయం అంటారు. విభజనకు కావలసిన ఇతర ప్రోటీనులు ఈ వలయాన్ని ఆధారం చేసుకొని ఆ చోటికి చేరుకుంటాయి. వలయం ఏర్పడకపోతే ఎషెరిషియా కోలై వంటి బాక్టీరియా పెరుగుతూనే ఉంటాయి గాని రెండుగా విడిపోవు. అవి పొడవైన దారాలవలె సాగి చివరకు చనిపోతాయి.

మానవ కణాలలో సూక్ష్మనాళికలను నిర్మించే ట్యూబులిన్‌కు ఎఫ్‌టీఎస్‌జెడ్ దూరపు బంధువు. కణ అస్థిపంజరం జంతువులు, మొక్కలు, శిలీంధ్రాల వంటి నిజకేంద్రక జీవులకే పరిమితమని 1990ల వరకు భావించేవారు. ఆ అభిప్రాయం మారడానికి మొదటి కారణం ఈ ప్రోటీనే. బాక్టీరియాకు ప్రాణావసరమై, మానవ కణాలలో లేనిది కావడం వలన కొత్త యాంటీబయాటిక్ మందుల అన్వేషణలో కూడా దీనికి ప్రాముఖ్యత ఉంది.

విభజనలోని చిక్కు

బాక్టీరియా ద్విధావిచ్ఛిత్తి అనే పద్ధతిలో వృద్ధి చెందుతాయి. కణం తన పొడవును రెట్టింపు చేసుకొని, డీఎన్ఏకు ప్రతిని తయారు చేసుకొని, మధ్యకు రెండుగా విడిపోతుంది. మనుషుల పేగులలో నివసించే ఎషెరిషియా కోలై (క్లుప్తంగా ఈ. కోలై) సుమారు 2 మైక్రోమీటర్ల పొడవు, 1 మైక్రోమీటరు వ్యాసం గల కడ్డీ ఆకారపు బాక్టీరియా. పోషకాలు సమృద్ధిగా దొరికినప్పుడు ఇది 20 నిమిషాలకు ఒకసారి విభజన చెందగలదు.

ఈ పని పైకి కనిపించినంత సులభమైనది కాదు. బాక్టీరియా కణంలోని ద్రవం సాధారణంగా బయటి నీటికంటె చిక్కగా ఉంటుంది. అందువలన నీరు లోనికి చొరబడుతూ కణత్వచాన్ని బయటికి నెడుతూ ఉంటుంది. బాసిల్లస్, స్టెఫైలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలలో ఈ ఒత్తిడి సుమారు 20 వాతావరణ పీడనాలు ఉంటుందని అంచనా. ఇంత ఒత్తిడికి కణం పగిలిపోకుండా కాపాడేది పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో ఏర్పడిన కణకవచం. చక్కెర అణువుల గొలుసులను చిన్న పెప్టైడులు అడ్డంగా ముడివేయగా ఏర్పడిన వలసంచి వంటిది ఇది. పెన్సిలిన్ ఈ ముడులు పడకుండా అడ్డుకుంటుంది కనుకనే దాని ప్రభావానికి లోనైన బాక్టీరియా పగిలి నశిస్తాయి.

కణం రెండు కావాలంటే ఈ సంచిని నడుమ తెంచి, తెగిన చోట రెండు కొత్త కొనలను కట్టాలి. ఆ సమయంలో కవచంలో చెప్పుకోదగిన కంత ఏర్పడినా కణం బ్రతకదు. కాబట్టి కొత్త గోడను కట్టడం, పాత గోడను తెంచడం ఒకదానితో ఒకటి పొంది జరగాలి. అంతేగాక విభజన కణం మధ్యలోనే జరగాలి. రెండు డీఎన్ఏ ప్రతులు చెరొక వైపుకు తొలగిన తరువాతనే ముగియాలి. చోటు, సమయం, నిర్మాణం అనే ఈ మూడింటిని సమన్వయపరచే కేంద్రమే జెడ్ వలయం.

చరిత్ర

ఎఫ్‌టీఎస్ అనే మూడు అక్షరాలు, వేడికి లోనైనప్పుడు దారంవలె సాగే స్వభావాన్ని సూచించే ఆంగ్ల పదాల పొడి అక్షరాలు. 1960లలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో యుకినోరి హిరోటా, ఆంత్వానెత్ రైటర్, ఫ్రాన్స్వా జాకబ్ ఈ. కోలైలో ఉష్ణోగ్రతకు తట్టుకోలేని ఉత్పరివర్తిత రకాలను వేరు చేసి, 1968లో వాటి వివరాలను ప్రచురించారు. వీటిలో కొన్ని 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మామూలుగా విభజన చెందేవి. అదే 42 డిగ్రీల వద్ద పెంచితే విభజన ఆగిపోయి, కణాలు పొడవుగా సాగిపోయేవి. విభజనకు ప్రత్యేకమైన జన్యువులు ఉన్నాయని ఈ ప్రయోగాలు తెలిపాయి. అటువంటి జన్యువులను ఎఫ్‌టీఎస్ఏ, ఎఫ్‌టీఎస్ఐ అంటూ చివర ఒక్కొక్క అక్షరం చేర్చి పిలవసాగారు.

1980లో జో లుట్కెన్‌హాస్, హాన్స్ వూల్ఫ్-వాట్జ్, విలియం డొనాకీ ఈ జన్యువుల సముదాయాన్ని పరిశీలిస్తూ, అంతవరకు ఎఫ్‌టీఎస్ఏ జన్యువులోనివిగా భావించిన ఉత్పరివర్తనాలలో కొన్ని పక్కనే ఉన్న వేరొక జన్యువుకు చెందినవని గుర్తించారు. దానికి ఎఫ్‌టీఎస్‌జెడ్ అని పేరు పెట్టారు.

1991లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఎర్ఫీ బి, లుట్కెన్‌హాస్ ఈ ప్రోటీనును బంగారు రేణువులు తగిలించిన ప్రతిదేహాలతో గుర్తుపట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. కణమంతటా చెదరి ఉండే ప్రోటీను విభజన సమయంలో నడుమ వలయంగా చేరుతున్నట్లు తేలింది. బాక్టీరియాలో ఒక ప్రోటీను ఇటువంటి అస్థిపంజర నిర్మాణంగా ఏర్పడుతుందని తెలియడం అదే మొదలు. 1992-93లలో మూడు పరిశోధక బృందాలు ఈ ప్రోటీను జీటీపీ అనే శక్తివాహక అణువును పట్టుకొని విడగొడుతుందని, జీటీపీని పట్టే చోట అమైనో ఆమ్లాల వరుస ట్యూబులిన్‌లోని వరుసను పోలి ఉన్నదని వెల్లడించాయి. 1996లో పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీనును ఎఫ్‌టీఎస్‌జెడ్‌కు జోడించి, సజీవ కణాలలోనే జెడ్ వలయాన్ని చూడగలిగారు.

ఈ రంగంలో చేసిన కృషికి గాను లుట్కెన్‌హాస్‌కు 2012లో రిచర్డ్ లోసిక్, లూసీ షపీరోలతో కలిపి లూయిసా గ్రాస్ హార్విట్జ్ బహుమతి లభించింది.

అణు నిర్మాణం

ఈ. కోలైలోని ఎఫ్‌టీఎస్‌జెడ్ 383 అమైనో ఆమ్లాల గొలుసు. దీని అణుభారం సుమారు 40 కిలోడాల్టన్లు. 1998లో కేంబ్రిడ్జిలోని ఎంఆర్‌సీ అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో యాన్ లోవె, లిండా ఏమస్ దీని త్రిమితీయ నిర్మాణాన్ని ఎక్స్-కిరణ స్ఫటిక పద్ధతిలో నిర్ణయించారు. ఇందుకు వారు తీసుకున్నది సముద్రగర్భంలోని వేడి నీటి ఊటల వద్ద జీవించే మెథనోకాకస్ జన్నాషీ అనే ఆర్కియా జీవి ప్రోటీను. ట్యూబులిన్ నిర్మాణాన్ని ఎవా నోగాలెస్, షారన్ వూల్ఫ్, కెన్నెత్ డౌనింగ్ ఎలక్ట్రాన్ కిరణాల పద్ధతిలో కనుగొన్న వ్యాసం కూడా అదే నెలలో నేచర్ పత్రికలో వెలువడింది. రెండు ప్రోటీనుల అమైనో ఆమ్లాల వరుసలలో పోలిక 20 శాతానికి లోపే ఉన్నా, వాటి మడతలు మాత్రం దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. రెండూ అతి ప్రాచీనమైన ఒకే ప్రోటీను నుండి పుట్టాయనడానికి ఇది బలమైన ఆధారం.

ఎఫ్‌టీఎస్‌జెడ్ అణువులో ప్రధానంగా నాలుగు భాగాలున్నాయి.

* మొదటి గోళాకార భాగం: జీటీపీని పట్టుకొనే గుంట ఇందులో ఉంటుంది.
* రెండవ గోళాకార భాగం: దీనిని మొదటి భాగంతో ఒక పొడవైన సర్పిలం కలుపుతుంది.
* వదులైన గొలుసు: దీనికి స్థిరమైన ఆకారం లేదు. పొడవు ఒక్కొక్క బాక్టీరియాలో ఒక్కొక్క విధంగా ఉంటుంది.
* తోక: ఇది చాలా చిన్నది. ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను కణత్వచానికి కట్టివేసే ప్రోటీనులు దీనినే పట్టుకుంటాయి.

జీటీపీ ఉన్నప్పుడు ఈ అణువులు ఒకదాని తలపై మరొకటి చేరి పోగుగా ఏర్పడతాయి. పోగులో ఒక్కొక్క అణువు ఆక్రమించే పొడవు సుమారు 4.3 నానోమీటర్లు. ఒక అణువు పట్టుకున్న జీటీపీని విడగొట్టడానికి అవసరమైన భాగం దానిని ఆనుకొని ఉన్న మరొక అణువులో ఉంటుంది. అందువలన విడిగా ఉన్న అణువు జీటీపీని పట్టుకోగలదు గాని సమర్థంగా విడగొట్టలేదు. పోగులో చేరిన తరువాతనే ఆ చర్య సాగుతుంది. జీటీపీ విడిపోయిన తరువాత అణువుల మధ్య పట్టు సడలి పోగు ఊడిపోతుంది. ఊడిన అణువు మళ్ళీ జీటీపీని తీసుకొని మరొక పోగులో చేరుతుంది. పోగు తయారు కావడానికి తోడ్పడిన చర్యే అది విడిపోవడానికి కూడా దారి తీయడం ట్యూబులిన్‌కు, ఎఫ్‌టీఎస్‌జెడ్‌కు ఉమ్మడి లక్షణం. అయితే ట్యూబులిన్ పోగులు సాధారణంగా 13 కలిసి గొట్టంగా ఏర్పడగా, ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు గొట్టంగా చుట్టుకోవు.

జెడ్ వలయం

సూక్ష్మదర్శినిలో జెడ్ వలయం ఒక తెగని ఉంగరంలా కనిపిస్తుంది. కాని అది ఏకఖండమైన వస్తువు కాదు. 2007లో కౌలోబాక్టర్ అనే బాక్టీరియాను అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, సుమారు 100 నానోమీటర్ల పొడవు గల పొట్టి పోగులు కణత్వచానికి కొద్ది ఎడంగా చెదరి ఉన్నట్లు కనిపించింది. ఇతర పద్ధతులతో జరిపిన పరిశీలనలలో కూడా వలయం కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల పలుచగా ఉన్నట్లు తేలింది.

ఒక ఈ. కోలై కణంలో కొన్ని వేల ఎఫ్‌టీఎస్‌జెడ్ అణువులు ఉంటాయి. 1 మైక్రోమీటరు వ్యాసం గల కణం చుట్టుకొలత 3 మైక్రోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఒక పోగు దాని చుట్టూ ఒకసారి తిరగడానికి 730 అణువులు చాలు. కణంలోని మొత్తం అణువులలో సుమారు మూడవ వంతు మాత్రమే ఒక సమయంలో వలయంలో ఉంటాయి. మిగిలినవి కణద్రవంలో తిరుగుతూ ఉంటాయి. వలయంలోని అణువులు కూడా కొన్ని సెకన్లకే మారిపోతూ ఉంటాయి. ఊరి చెరువులో నీరు వస్తూ పోతూ ఉన్నా చెరువు నిలిచి ఉన్నట్లే, అణువులు మారుతున్నా వలయం నిలిచి ఉంటుంది.

ఎఫ్‌టీఎస్‌జెడ్ తనంతట తాను కణత్వచానికి అంటుకోలేదు. ఈ. కోలైలో దానిని అంటిపెట్టే ప్రోటీనులు రెండు: ఎఫ్‌టీఎస్ఏ, జిప్‌ఏ. ఎఫ్‌టీఎస్ఏ నిర్మాణం మన కండరాలలోని ఆక్టిన్‌ను పోలినది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వలయం ఏర్పడుతుంది గాని విభజన పూర్తి కాదు. రెండూ లేకపోతే వలయమే ఏర్పడదు.

చోటు నిర్ణయం

కణం మధ్య బిందువును బాక్టీరియా కొలబద్దతో కొలవదు. తగని చోట వలయం ఏర్పడకుండా నిరోధించడం ద్వారానే తగిన చోటు మిగిలేటట్లు చేస్తుంది. ఇందుకు ముఖ్యంగా రెండు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది మిన్ వ్యవస్థ. 1967లో హోవర్డ్ ఆడ్లర్, అతని సహచరులు ఈ. కోలైలో ఒక వింత రకాన్ని కనుగొన్నారు. ఇది మధ్యలోనే కాక కొనల వద్ద కూడా విభజన చెంది, డీఎన్ఏ లేని బుల్లి కణాలను విడుదల చేస్తుంది. ఇందులో లోపించినవి మిన్‌సి, మిన్‌డి, మిన్ఈ అనే మూడు ప్రోటీనులకు చెందిన జన్యువులని తరువాత తెలిసింది. మిన్‌సి ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు నిలవకుండా చేస్తుంది. మిన్‌డి దానిని కణత్వచం వద్దకు తీసుకువస్తుంది. మిన్ఈ ఈ రెండింటిని కణత్వచం నుండి తొలగిస్తుంది. ఈ పరస్పర చర్యల వలన మిన్‌డి ఒక కొన నుండి మరొక కొనకు, మళ్ళీ వెనుకకు, సుమారు నిమిషానికి ఒక ఆవృత్తి చొప్పున ఊగుతూ ఉంటుంది. ఈ ఊగిసలాటను డేవిడ్ రాస్కిన్, పీట్ డిబోర్ 1999లో ప్రచురించారు. ఊయల రెండు కొసల వద్ద ఎక్కువసేపు ఉన్నట్లే, నిరోధక ప్రోటీను కూడా సగటున కొనల వద్ద ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటుంది. 2008లో జర్మనీలో పెట్రా ష్విల్లె బృందం మిన్‌డి, మిన్ఈ ప్రోటీనులను, శక్తికి ఏటీపీని కృత్రిమ త్వచం మీద ఉంచగా, కణమేదీ లేకుండానే అవి అలలు అలలుగా కదలాయి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఇటువంటి ఊగిసలాట లేదు. అక్కడ డివ్‌ఐవీఏ అనే ప్రోటీను వంపు తిరిగిన త్వచాన్ని గుర్తించి, నిరోధక ప్రోటీనులు అక్కడ నిలిచేటట్లు చేస్తుంది.

రెండవది డీఎన్ఏకు సంబంధించినది. డీఎన్ఏ ముద్ద ఉన్న చోట వలయం ఏర్పడకుండా ఈ. కోలైలో ఎస్ఎల్ఎంఏ, బాసిల్లస్‌లో నాక్ అనే ప్రోటీనులు అడ్డుకుంటాయి. డీఎన్ఏ ప్రతులు తొలగి మధ్యన చోటు ఏర్పడిన తరువాతనే వలయానికి వీలు కలుగుతుంది.

డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు మరొక రక్షణ పని చేస్తుంది. ఈ. కోలై అప్పుడు సుల్‌ఏ అనే ప్రోటీనును తయారు చేస్తుంది. ఇది ఎఫ్‌టీఎస్‌జెడ్ అణువులకు అంటుకొని పోగులు పెరగకుండా చేస్తుంది. డీఎన్ఏ మరమ్మతు పూర్తి కాగానే సుల్‌ఏ నశించి విభజన తిరిగి మొదలవుతుంది. వ్యాధిలో కూడా దీనికి పాత్ర ఉంది. మూత్రకోశ వ్యాధి కలిగించే ఈ. కోలై, ఎలుకలలో సుల్‌ఏ సహాయంతో విభజనను ఆపుకొని దారాలవలె సాగి, తెల్ల రక్తకణాల దాడి నుండి తప్పించుకుంటున్నట్లు 2006లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

విభజన యంత్రాంగం

జెడ్ వలయం ఏర్పడిన తరువాత, ఈ. కోలైలో పది పైచిలుకు ముఖ్య ప్రోటీనులు దాదాపు ఒక క్రమంలో అక్కడికి చేరతాయి. ఈ మొత్తం సముదాయాన్ని డివిజోమ్ అంటారు. అందులో ముఖ్యమైనవి ఇవి:

* ఎఫ్‌టీఎస్‌కె: మిగిలి ఉన్న డీఎన్ఏను పంపువలె రెండు వైపులకు లాగుతుంది.
* ఎఫ్‌టీఎస్‌క్యూ, ఎఫ్‌టీఎస్ఎల్, ఎఫ్‌టీఎస్‌బి: ఈ మూడు కలిసి గోడ కట్టే ఎంజైములను అదుపు చేస్తాయి.
* ఎఫ్‌టీఎస్‌డబ్ల్యు: పెప్టిడోగ్లైకాన్ చక్కెర గొలుసులను పొడిగిస్తుంది. దీని ఈ పని 2019లో రుజువైంది.
* ఎఫ్‌టీఎస్ఐ: ఆ గొలుసులను పెప్టైడులతో ముడివేస్తుంది.
* ఎఫ్‌టీఎస్ఎన్: చివరగా చేరి గోడ నిర్మాణం మొదలు కావడానికి సంకేతమిస్తుంది.

ఎఫ్‌టీఎస్ఐ పెన్సిలిన్‌ను పట్టుకొనే ప్రోటీనులలో ఒకటి. 1975లో బ్రయన్ స్ప్రాట్ ఈ. కోలైలోని ఇటువంటి ప్రోటీనులను వేరు చేసి, కణం పొడవు పెరగడానికి, ఆకారం నిలవడానికి, విభజనకు వేర్వేరు ప్రోటీనులు ఉన్నాయని చూపాడు. సెఫలెక్సిన్ అనే మందు తక్కువ మోతాదులో ఎఫ్‌టీఎస్ఐని ఆపివేస్తుంది. అప్పుడు జెడ్ వలయం ఏర్పడినా గోడ లోనికి పెరగక, కణం దారంలా సాగుతుంది. 2023లో ఎఫ్‌టీఎస్‌డబ్ల్యు, ఐ, క్యూ, బి, ఎల్ అనే ఐదు ప్రోటీనులు కలిసిన సముదాయపు నిర్మాణాన్ని సూడోమోనాస్ ఏరుజినోసా అనే బాక్టీరియా నుండి తీసుకొని అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిత్రించారు.

వలయం చేసే పని

జెడ్ వలయం కణాన్ని ఏ విధంగా నొక్కుతుందనే విషయమై చాలాకాలం చర్చ జరిగింది. మొలత్రాడు బిగించినట్లు వలయమే కణత్వచాన్ని లోనికి లాగుతుందనేది మొదటి అభిప్రాయం. 2008లో మసాకి ఒసావా, డేవిడ్ ఆండర్సన్, హెరాల్డ్ ఎరిక్సన్ కణత్వచానికి అంటుకొనే విధంగా మార్చిన ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను కొవ్వు పొరతో చేసిన కృత్రిమ గొట్టాలలో ప్రవేశపెట్టారు. ఇతర ప్రోటీనులేవీ లేకుండానే వలయాలు ఏర్పడి, ఆ గొట్టాలను కొంతమేరకు నొక్కాయి. ఈ ప్రోటీను స్వయంగా బలాన్ని ప్రయోగించగలదని దీనివలన తెలిసింది. అయితే సజీవ కణంలోని లోపలి ఒత్తిడిని ఎదిరించడానికి ఆ బలం ఒక్కటే చాలుతుందని దీనివలన నిరూపణ కాలేదు.

2014లో మార్టిన్ లూస్, తిమొతి మిచిసన్ కృత్రిమ త్వచం మీద, ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు ఎఫ్‌టీఎస్ఏతో కలిసి గుండ్రంగా తిరగడం గమనించారు. పోగు ముందు కొసన అణువులు చేరుతూ, వెనుక కొసన ఊడిపోతూ ఉండడం వలన ఈ చలనం కలుగుతుంది. ఒక్కొక్క అణువు ఉన్న చోటనే ఉంటుంది. పోగు మాత్రం ముందుకు సాగినట్లు కనిపిస్తుంది. దీనిని ట్రెడ్‌మిల్లింగ్ అంటారు. 2017లో సైన్స్ పత్రికలో వెలువడిన రెండు పరిశోధనలు ఇదే చలనం సజీవ కణాలలో కూడా సెకనుకు సుమారు 30 నానోమీటర్ల వేగంతో జరుగుతున్నట్లు, గోడ కట్టే ఎంజైములు దానిని అనుసరించి కణం చుట్టూ తిరుగుతున్నట్లు చూపాయి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఈ చలన వేగాన్ని తగ్గిస్తే విభజన కూడా మందగించింది. ఈ. కోలైలో గోడ నిర్మాణ వేగం మారలేదు గాని, నిర్మాణం చుట్టూ సమంగా పంచబడడం దెబ్బతిన్నది.

తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మరికొంత సవరించాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లోను (2018), బాసిల్లస్‌లోను (2021) పోగుల చలనం విభజన తొలిదశకే తప్పనిసరి అని, గోడ కొంత లోనికి పెరిగిన తరువాత అది ఆగినా విభజన సాగుతుందని తేలింది. ఈ. కోలైలో పని చేస్తున్న ఎఫ్‌టీఎస్‌డబ్ల్యు అణువులు ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను విడిచి, సెకనుకు సుమారు 8 నానోమీటర్ల నెమ్మది వేగంతో తమ దారిన తాము సాగుతాయి. ఈ ఫలితాలను బట్టి, కణాన్ని లోనికి కుదించే పనిలో ముఖ్య భాగం కొత్త గోడ నిర్మాణానిదేనని, ఆ నిర్మాణాన్ని సరైన చోట మొదలుపెట్టించి చుట్టూ సమంగా పంచడం జెడ్ వలయం ప్రధాన కర్తవ్యమని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

గోడ పూర్తి అయ్యే దశలో అమైడేజ్ ఎంజైములు రెండు పిల్ల కణాలను కలిపి ఉంచిన పెప్టిడోగ్లైకాన్‌ను కోస్తాయి. ఇవి లోపించిన ఈ. కోలై కణాలు విడిపోక గొలుసులుగా మిగిలిపోతాయి.

కణం పొడవు పెరగడం

విభజనకు ఎఫ్‌టీఎస్‌జెడ్ ఏ విధంగా ఆధారమో, అనేక కడ్డీ ఆకారపు బాక్టీరియాలలో పొడవు పెరగడానికి ఎంఆర్ఈబి అనే ప్రోటీను ఆ విధంగా ఆధారం. దీని నిర్మాణం ఆక్టిన్‌ను పోలి ఉన్నట్లు 2001లో తెలిసింది. ఎంఆర్ఈబి లోపిస్తే కడ్డీలు గుండ్రంగా మారిపోతాయి. మొదట ఇది కణం పొడవునా మరమేకు చుట్లవలె ఉంటుందని భావించారు. 2011లో మూడు బృందాలు ఇది పొట్టి ముక్కలుగా ఉండి, గోడ నిర్మాణం జరుగుతూ ఉండగా కణం చుట్టూ అడ్డంగా కదులుతుందని చూపాయి.

కొత్త గొలుసులు చేరాలంటే పాత వలలోని ముడులను ముందుగా కోయాలి. ఈ విషయంలో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) పరిశోధన ముఖ్యమైనది. అక్కడ మంజులా రెడ్డి బృందం 2012లో ఈ. కోలైలో ముడులను కోసే మూడు ఎంజైములను గుర్తించింది. వీటికి మెప్ఎస్, మెప్ఎం, మెప్‌హెచ్ అని పేర్లు. మూడూ లేకపోతే కణం పెరగలేదు. మెప్ఎస్ మితిమీరకుండా దానిని నాశనం చేసే ఏర్పాటును కూడా ఇదే బృందం 2015లో కనుగొన్నది. కణకవచంపై చేసిన కృషికి ఆమెకు 2019లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఇతర జీవులలో

హరితరేణువులు ఒకప్పటి సయనోబాక్టీరియా నుండి పుట్టినవి. ఆ వారసత్వానికి గుర్తుగా మొక్కలలో ఎఫ్‌టీఎస్‌జెడ్ నిలిచి ఉంది. అరబిడాప్సిస్ మొక్కలో దీనిని 1995లో గుర్తించారు. మొక్కలో ఈ ప్రోటీను తగ్గితే, ఆకు కణాలలో పదుల సంఖ్యలో ఉండవలసిన హరితరేణువులకు బదులు ఒకటి రెండు భారీ హరితరేణువులు మాత్రమే ఉంటాయి. మైటోకాండ్రియా కూడా బాక్టీరియా నుండి వచ్చినవే. కాని కొన్ని శైవలాల వంటి జీవులలో తప్ప వాటిలో ఎఫ్‌టీఎస్‌జెడ్ మిగలలేదు. జంతువులలో ఆ పనిని డైనమిన్ కుటుంబపు ప్రోటీనులు చేస్తాయి.

స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా ఎఫ్‌టీఎస్‌జెడ్ లేకున్నా పోగులుగా పెరగగలవు గాని సిద్ధబీజాలను ఏర్పరచలేవు. క్లమీడియాలకు, ప్లాంక్టోమైసిటీస్ అనే వర్గానికి ఈ ప్రోటీను లేదు. సల్ఫోలోబస్ వంటి ఆర్కియాలు వేరొక ప్రోటీను సముదాయంతో విభజన చెందుతాయి. కణకవచాన్ని విడిచిపెట్టిన ఎల్-రూపపు బాసిల్లస్ కణాలకు ఎఫ్‌టీఎస్‌జెడ్ అవసరం లేదని 2009లో జెఫ్ ఎరింగ్టన్ బృందం చూపింది. అవి బుడగలవలె ఉబ్బి ముక్కలై వృద్ధి చెందుతాయి. 2016లో అమెరికాలో 473 జన్యువులతో నిర్మించిన కనిష్ఠ కణంలో ఎఫ్‌టీఎస్‌జెడ్ లేదు. అది జీవించింది గాని దాని పిల్ల కణాల ఆకారం, పరిమాణం క్రమం తప్పాయి. తొలగించిన జన్యువులలో ఎఫ్‌టీఎస్‌జెడ్‌తో సహా ఏడింటిని తిరిగి చేర్చగా విభజన క్రమబద్ధమైనదని 2021లో ప్రకటించారు. ఎఫ్‌టీఎస్‌జెడ్ లేకుండా కణం రెండు కావడం అసాధ్యం కాదని, సమానమైన, సురక్షితమైన విభజనకు అది అవసరమని ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

వైద్యంలో ప్రాముఖ్యత

అనేక బాక్టీరియాలు వాడుకలో ఉన్న యాంటీబయాటిక్‌లకు లొంగకపోవడం వలన కొత్త లక్ష్యాల కోసం వెదకవలసి వచ్చింది. 2008లో పీసీ190723 అనే కృత్రిమ రసాయనం స్టెఫైలోకాకస్ ఆరియస్‌లోని ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను పట్టుకొని, ప్రాణాంతకమైన మోతాదులో ఆ బాక్టీరియా ఎక్కించిన ఎలుకలను కాపాడినట్లు ప్రచురించారు. ఇది పోగులను విడగొట్టదు, విడిపోకుండా బిగిస్తుంది. అణువులు వచ్చిపోవడం ఆగినా వలయం పని చెడుతుందనడానికి ఇది నిదర్శనం. ఇటువంటి రసాయనాలను పెన్సిలిన్ తరగతి మందులతో కలిపి ఇస్తే, మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ మళ్ళీ ఆ మందులకు లొంగుతున్నట్లు 2012లో వెల్లడైంది. దీని నుండి అభివృద్ధి చేసిన టీఎక్స్ఏ709 మనుషులపై తొలిదశ పరీక్షలకు చేరింది. ఎఫ్‌టీఎస్‌జెడ్ లక్ష్యంగా పనిచేసే మందు ఏదీ ఇంకా చికిత్సకు అనుమతి పొందలేదు. బాక్టీరియాలో ఒక్క అమైనో ఆమ్లం మారినా మందు పట్టు తప్పడం, గ్రామ్ నెగటివ్ బాక్టీరియాల బయటి పొరను దాటి మందు లోనికి చేరి నిలవలేకపోవడం ఇందులోని ముఖ్యమైన ఆటంకాలు.

క్షయ బాక్టీరియాలోని ఎఫ్‌టీఎస్‌జెడ్ నిర్మాణం 2004లో వెల్లడైంది. భారతదేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి. అజిత్‌కుమార్ బృందం మైకోబాక్టీరియాల ఎఫ్‌టీఎస్‌జెడ్‌పై, ఐఐటీ బొంబాయిలో దులాల్ పాండా బృందం ఈ ప్రోటీను నిరోధకాలపై పరిశోధనలు చేశాయి. పసుపులోని కర్క్యుమిన్ ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు ఏర్పడకుండా అడ్డుకుంటుందని పాండా బృందం 2008లో ప్రచురించింది. అయితే కర్క్యుమిన్ ఇంకా అనేక ప్రోటీనులపై ప్రభావం చూపుతుంది, శరీరంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కనుక పరీక్షనాళికలో వచ్చిన ఈ ఫలితాన్ని బట్టి పసుపును యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయంగా భావించరాదు.